మూడొందల గజాలు

నీళ్లు నలభై ఎనిమిది డిగ్రీలు అన్నాను, ఎవరూ అడక్కుండానే. మా ఫారెన్‌హీట్ డిగ్రీల్లో నలభై ఎనిమిదంటే, ముంచిన వేలు రెండు నిమిషాల్లో పక్కింటివాడి వేలైపోతుంది. నడీన్ తల తిప్పలేదు. బోటు ముందున్న ఎత్తు కుర్చీలో, మొగుడు ఓడెల్ కుర్చీలో, ఓడెల్ గాలపు కర్ర ఒళ్లో పెట్టుకుని, ఓడెల్ ఉన్ని టోపీ చెవులు మునిగేదాకా లాక్కుని కూర్చుంది. వెనక నుంచి చూస్తే భుజాలు కాస్త తగ్గిన ఓడెల్ లాగే ఉంది, ఆ ఒక్కటీ చూడకుండా ఉండటానికి నేను నీళ్లకేసి చూస్తున్నాను, నీళ్లకేసి చూడకుండా ఉండటానికి డిగ్రీలు చూపించే డబ్బాకేసి చూస్తున్నాను, అది నలభై ఎనిమిది అంటుంది, నేనూ అంటాను. పోయినేడు ఇదే ఫిబ్రవరిలో ఇదే డబ్బా నలభై ఆరు అంది. నిన్న ఫోన్లో నడీన్ చెప్పింది ఇంతే: "రేపు పొద్దున ఏడింటికి రేవు దగ్గరుండు వర్నన్. బోటు నేను తెస్తా. ఆ చోటికి తీసుకెళ్లి, ఓడెల్ అక్కడేం చేస్తుండేవాడో నాకూ నేర్పు. మాటలు ఇంట్లో పెట్టి రా." మాటలు ఇంట్లో పెట్టి రమ్మంటే నన్ను ఇంట్లో పెట్టి రమ్మన్నట్టే. వచ్చింది నా కోటూ నా బూట్లూ.

పేరు వర్నన్, పని వర్ణన. శనివారాల పోటీల్లో రేవు మీద మైకు పట్టుకుని, తూకానికొచ్చిన ప్రతి చేపనీ, దాన్ని తెచ్చిన ప్రతి మొనగాడినీ పొగిడి, ఏడిపించి పంపడం. ఈ తూర్పు టెక్సాస్‌లో అందరూ బాస్‌ని తిట్టుకుంటూ బతికితే నేను బాస్‌ని పొగిడి బతికాను, నాది తోకున్న బాస్, బాస్ చేప, కాబట్టి. ఈ ముక్క ఎన్ని వందల సార్లు మైకులో అన్నానో, అన్నిసార్లూ జనం నవ్వారు, ఓడెల్ తప్ప. ఓడెల్ నవ్వు అంత తేలిగ్గా దొరికేది కాదు. చలికాలం పొద్దున పాత ఇంజను లాంటిది ఆ నవ్వు, ఖళ్ అని ఆగుతుంది, మళ్లీ ఖళ్ అని ఆగుతుంది, మూడోసారికి అంటుకుంటే మాత్రం ఒడ్డున పైను చెట్ల మీది కాకులు లేచిపోతాయి. ఇరవై రెండేళ్లు ఒకే బోటులో ఆ నవ్వు కోసం గాలం వేశాను. చేపలు పడ్డాయి బోలెడు, నవ్వులు వేళ్ల మీద. అందులో చివరిది ఎప్పుడు పడిందో ఈ భూమ్మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అది నడీన్‌కి చెప్పాలి. ఏడాదిగా చెప్పాలి. ఇవాళ ఈ పాయలో, నీళ్లడుగున ఈ గడ్డి మీద, లంగరేసిన ఈ బోటులో చెప్పకపోతే ఇక చెప్పను, నా సంగతి నాకు తెలుసు, ఒడ్డెక్కగానే నాకు జోకులు మొలుస్తాయి.

"ఇందులో ఏది?" ఎర పెట్టె మూత తీసి అడిగింది. అన్నీ ఎరుపే. ఇటుక ఎరుపు, తుప్పు ఎరుపు, ఉడికిన రొయ్య ఎరుపు. ఈ రోజుల్లోనే బురద రొయ్యలు కన్నాల్లోంచి బయటికి రావడం మొదలుపెడతాయి, వాటి రంగిది, వాటికోసం గడ్డిలో నోరు తెరుచుకుని కాచుకునే చేప కళ్లకి ఈ రంగే లోకం. ఎరగా వేసే మామూలు కొయ్యచేపలకి గడ్డం కింద చెంచా లాంటి పెదవొకటుంటుంది, లాగినప్పుడు అది నీళ్లని తన్ని కిందికి దూరుతుంది. వీటికి ఆ పెదవి లేదు. బల్లపరుపుగా, అరచేతిలో సగం, కడుపు నిండా ఉక్కు గుళ్లు, లాగితే గిలక్కాయ. పెదవే లేకుండా అంత మోత చేస్తుంది, నీకు పెదవులు తప్ప ఇంకేం లేవు, ఇద్దరూ ఒక గూటివాళ్లేరా అనేవాడు ఓడెల్. చలికాలం రాగానే గ్యారేజీలో కూర్చుని దాని కడుపుకి సూది బెజ్జం వేసి, జిగురు పోసి, ఒక్క గుండు మిగిల్చి తక్కినవన్నీ కట్టేసేవాడు. అప్పుడది మోగదు, టక్ అంటుంది. ఒక్క టక్. "చల్లటి నీళ్లలో నోరు తగ్గించాలి వర్నన్" అనేవాడు, చేపల సంగతే చెబుతున్నట్టు మొహం పెట్టి. దాని పొట్ట కిందొకటి తోక కిందొకటి, మూడేసి ముళ్ల కొక్కేలు రెండు. నీ పెళ్లికి మూడు ముళ్లు పడలేదు, ఒక్క ఉంగరంతో సరిపెట్టావు, దీనికి మాత్రం ఆరు ముళ్లా, అనేవాణ్ని. దానికి ఖళ్ మని ఒకసారి ఆగింది, అంటుకోలేదు.

తుప్పు రంగుది తీసి కట్టిచ్చాను. వేళ్లు ముడి వెయ్యడానికి ఒప్పుకోవడం లేదు. దూరంగా వెయ్యి, అన్నాను, వేసి, వెంటనే తిప్పకు. అదీ అందరూ చేసే తప్పు. ఎండాకాలమైతే వేసీ వెయ్యగానే గిరగిరా తిప్పొచ్చు, వేడి నీళ్లలో చేప వెంటపడుతుంది. ఇప్పుడది ముసలాయన కుర్చీలో కూర్చున్నట్టు గడ్డిలో కూర్చుని ఉంది, దాని ఒళ్లో పడితే తప్ప లేవదు. కిందికి దిగనియ్యి. దారం మరీ బిగించొద్దు, మరీ వదిలెయ్యొద్దు, పసిపిల్లని నడిపించినట్టు పట్టీ పట్టనట్టు పట్టుకో. గడ్డి కొసలు తగిలాయా? ఇంకొంచెం దిగనియ్యి. చిక్కుకుందా? చిక్కుకోవాలి. ఇప్పుడు కర్రని ఒక్క విదుపు, గడ్డి తెగేలా. తెంపి, ఆగు. మళ్లీ పడనియ్యి. పడుతున్నప్పుడే, నడీన్, నువ్వు లాగుతున్నప్పుడు కాదు, నువ్వేమీ చెయ్యనప్పుడే వచ్చి పట్టుకుంటుంది. చెయ్యి జిల్లనడం గిల్లనడం ఏమీ ఉండదు, దారం కాస్త మెత్తబడుతుంది, లేదా ఓ పక్కకి జరుగుతుంది, అంతే.

ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ విసిరింది. స్కూలు బస్సు నడిపి నడిపి గట్టిపడ్డ భుజాలు, దూరమే పడింది. టప్. ఆ తర్వాత నిశ్శబ్దం, ఎర దిగుతున్న నిశ్శబ్దం. ఇదీ నాకు ఇరవై రెండేళ్లలో చేతకానిది. ఎర దిగే ఆ నాలుగైదు క్షణాలూ నేను ఏదో ఒకటి అనేవాణ్ని, ఓడెల్ "ష్" అనేవాడు, ఆ "ష్" కోసమే అనేవాణ్నేమో. ఇప్పుడు ష్ అనేవాడు లేడు కాబట్టి నోరు తెరవాలనిపించడం లేదు, ఇదేం న్యాయం. గడ్డి వాసన వస్తోంది, కుళ్లిన దోసకాయ లాంటి చలి వాసన. అవతలి గడ్డి మొన కనిపిస్తోంది, సరిగ్గా మూడొందల గజాలు, నీళ్ల మీద ఎండిన రెల్లు కొసలు, దానికీ మాకూ మధ్య నీళ్లు చదునుగా, ఏమీ ఎరగనట్టు. జలాశయం నింపినప్పుడు మునిగిపోయిన ఓక్ మొద్దులన్నీ ఆ చదును కిందే ఉన్నాయి. నీటి మట్టం అడుగు తగ్గితే వాటి తలలు బోటు అడుక్కి తగిలేంత పైకొస్తాయి. ఆవేళ అడుగు తగ్గింది.

ఆవేళ. ఆవేళ ఇలాంటిదే పొద్దు, చేపలు లేవు, ఈ మొన మీద రెండు గంటలు, ఒక్కటి తగల్లేదు. ఓడెల్ "అవతలి మొనకి పోదాం" అన్నాడు. నాకు మూడింటికి మైకు. జనం, డబ్బా స్పీకర్లు, నా జోకుల చీటీ జేబులో. త్వరగా కానీ అన్నాను. గాలం వేసేటప్పుడు లైఫ్ జాకెట్ విప్పి సీటు మీద పెట్టుకోవడం అందరి అలవాటే, చేతులు ఆడవు మరి. పెద్ద ఇంజను వేసేముందు మళ్లీ తొడుక్కోవడం ఓడెల్ అలవాటు, ఎంత దగ్గరైనా, ప్రతిసారీ. మనిషి నీళ్లలో పడితే ఇంజను ఆపే ఎర్ర తాడు నడుముకి తగిలించుకున్నాడు. ఆ తర్వాత జాకెట్ తీసుకున్నాడు. ఎడం చెయ్యి దూర్చాడు. అంతే, ఎడం చెయ్యి దూర్చాడు, అక్కడ నా బుర్ర ఏడాదిగా ఆగిపోతుంది, ఆ చెయ్యి ఆ చంకలోంచి ఎప్పటికీ బయటికి రాదు, కుడి చెయ్యి ఎప్పటికీ లోపలికి వెళ్లదు. పెళ్లినాడు కూడా ఇలాగే, చర్చి వెనక గదిలో, తోడుపెళ్లికొడుకుని నేను, కోటు ఎడం చేతికి ముందు తొడిగించాను. స్కూలు రోజుల్లో ఫుట్‌బాల్‌లో విరిగిన భుజం అది, పైకి లేవదు, ముందు దాన్ని దూర్చాలి, తర్వాత మంచి చెయ్యి. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు కుడివైపు పట్టుకుని నిలబడే పని నడీన్‌ది. చర్చికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, మాట్లాడకుండా, ఆయన వెనక్కి చెయ్యి చాపితే ఈవిడ అందించేది. నేను వాకిట్లో హారన్ కొడుతూ చూసేవాణ్ని.

"ఆ మనిషి కూడా ఇంతసేపు ఆగేవాడా?" నడీన్ అడిగింది.

"నువ్వు ఆగుతున్నదానికి రెట్టింపు."

"ఇంట్లో మాత్రం కాఫీ చల్లారేదాకా ఆగలేకపోయేవాడు." విదిలించింది. గడ్డి తెగిన చప్పుడు దారం మీదుగా వచ్చింది. బాగానే విదిలించింది. "వర్నన్, నీకో సంగతి చెప్పనా. ఆ మనిషి ఫోటో గోడకేసి తిప్పి పెట్టా."

ఎర మళ్లీ దిగనిచ్చింది.

"సమాధి దగ్గరికి వెళ్లలేదు. రాయి పెట్టినరోజు వెళ్లడమే. మా అక్క అంటుంది, నీకు ఏడుపు లోపలే ఉండిపోయిందీ అని. ఏడుపు కాదు, ఒళ్లు మంట. బస్సులో అరవై మంది పిల్లలు నా మాట వింటారు. అద్దంలో చూస్తూ కూర్చుంటా, ఒక్కడు లేచున్నా గేరు వెయ్యను. ఈ మనిషికి ముప్పయ్యేళ్లు చెప్పాను, జిప్పు, ఓడెల్, జిప్పు, నా కోసం. మర్చిపోయాట్ట." దారం చుట్టింది, మళ్లీ విసిరింది, ఈసారి వంకరగా పడింది. "జాకెట్ మర్చిపోవడం కాదది. ఆ నిమిషంలో నేను లేను ఆ బుర్రలో. చేపలున్నాయి. నువ్వున్నావు. నేను లేను. అందుకే బోటు అమ్మేస్తున్నా. అమ్మేముందు ఒక్కసారి చూద్దామని వచ్చా, నాకన్నా అంత గొప్పది ఇక్కడేముందో."

మర్చిపోయాడు. ఆ మాట నాది. ఆస్పత్రి నడవాలో, పక్కటెముకలకి కట్టుతో, తడి సాక్సులతో కూర్చున్న నన్ను ఈవిడ అడిగింది, "జాకెట్ ఎందుకు వేసుకోలేదు?" అని. జన్మలో మొదటిసారి ఒక్క మాటలో జవాబు చెప్పాను. ఎప్పుడూ ఒక్కదానికి పది చెప్పేవాణ్ని, ఆ పదీ గాలిమాటలే, ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కసారి ఒక్కటి చెప్పాను, అది అబద్ధమైంది, అది తిన్నగా వెళ్లి ఓ ఇంటి గోడ మీది ఫోటోని తిప్పేసింది. మూడు వారాలకి మళ్లీ మైకు పట్టుకున్నాను. జనం నవ్వారు. నన్ను ఓదార్చడానికి మామూలు కన్నా ఎక్కువ నవ్వారు. ప్రతి నవ్వుకీ వెనక ఒక నవ్వు వినిపించేది, ఖళ్, ఖళ్.

మొద్దు తగిలినప్పుడు చప్పుడు కూడా పెద్దగా లేదు. తలుపు వేసినట్టు. నేను ముందు అద్దానికి కొట్టుకున్నాను, ఓడెల్ బోటు అంచు మీంచి వెళ్లాడు, ఎర్ర తాడు ఊడింది, ఇంజను ఆగింది, తాడు తన పని తను చేసింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఓ ఊపిరి వినిపించింది. చల్లనీళ్లలో పడ్డ మనిషి మొదట తీసేది కేక కాదు, ఊపిరి. పెద్ద ఊపిరి, దాంట్లోకి నీళ్లు. నేను పాకుతూ ముందుకి వెళ్లి చిన్న మోటారు దించేసరికి మా మధ్య నలభై అడుగులు. నలభై అడుగులకి ఎన్ని క్షణాలో నాకు తెలీదు, తెలుసుకోను. పొడుగు ఓవరాల్స్ నిండా నీళ్లు. టోపీ తేలింది. జాకెట్ సీటు మీద పొడిగా ఉంది.

చెప్పు. ఇప్పుడు చెప్పు. ఇంకోసారి విసరనియ్యి, అప్పుడు చెబుతాను. విసిరింది. టప్. దిగుతోంది. చెబితే ఈవిడకి మొగుడు తిరిగొస్తాడు, నాకు మిగిలిన ఒకే ఒక్క స్నేహం పోతుంది. చెప్పకపోతే, ఏడాదికోసారి సాసేజీ పెట్టిన రొట్టెలు పంపే చెయ్యి నాకుంటుంది, ఈవిడకి గోడ వైపు తిరిగిన ఫోటో ఉంటుంది. తూకం వేసేవాణ్ని నేనేగా, ఇదేమంత కష్టమైన తూకం? గడ్డికి తగిలింది. చిక్కుకుంది. విదిలించింది. ఆగింది. పట్టీ పట్టనట్టు.

"మర్చిపోలేదు" అన్నాను.

గొంతు నాది కాదు. మైకు లేని గొంతు ఇలా ఉంటుందని నాకు తెలీదు.

"ఏంటి?"

"ఓడెల్ మర్చిపోలేదు. జాకెట్ తీశాడు. ఒక చెయ్యి దూర్చాడు. నేను వద్దన్నాను."

నడీన్ వెనక్కి తిరిగింది. మొహంలో నేననుకున్నవేవీ లేవు, బస్సు అద్దంలోకి చూసే మొహం అది, లెక్క సరిపోయిందా అని చూసే మొహం.

"ఏ చెయ్యి?"

"ఎడం చెయ్యి."

కళ్లు మూసుకుంది. తెరిచింది. ఆ భుజం సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే ఇక. అబద్ధం చెప్పేవాడు ఏదో ఒక చెయ్యి చెప్పేవాడు, నేను ఆ చెయ్యి చెప్పాను, ఆవిడకి అర్థమైంది.

"వద్దని ఏమన్నావ్?"

"జోకు వేశాను."

"ఏం జోకు? అన్నది అన్నట్టు అను."

"నడీన్..."

"అను."

అన్నాను. ఊరంతటినీ నవ్వించిన నోటితో, తల వంచుకుని, పాఠం అప్పజెప్పినట్టు అన్నాను: "మూడొందల గజాలకి ముస్తాబేంట్రా? ఆ కోటు చూసి చేపలు నువ్వు పెళ్లికొడుకువనుకుంటాయ్, నడీన్‌కి తెలిసిందా, ఒక్కొక్కదాని జుట్టు పీకుద్ది."

గాలి లేదు. ఆవిడ గొంతులో ఏదో కదిలింది, పైకి వచ్చింది, దాన్ని పళ్ల మధ్య పట్టుకుంది. అది నవ్వో మరొకటో ఈ జన్మకి నాకు తెలీదు.

"చేపలకి జుట్టేంట్రా, వెధవా" అంది.

"వాడూ అదే అన్నాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు."

"ఒక్కసారి ఆగిపోయిందా, అంటుకుందా?"

"అంటుకుంది. మూడోసారికి. ఒంగిపోయి నవ్వాడు. చెయ్యి బయటికి తీసి, కళ్లు తుడుచుకుని, జాకెట్ సీటు మీద పడేసి తాళం తిప్పాడు."

అప్పుడే ఆవిడ వెనక, నీళ్ల మీద, దారం జరిగింది. ఎడమవైపుకి, రెండంగుళాలు, ఏ తొందరా లేకుండా. పట్టింది. ఆవిడ నాకేసే చూస్తోంది, కర్ర ఒళ్లో ఊరికే ఉంది. లాగు, అని అరవడానికి నా జీవితమంతా నన్ను తయారుచేసింది. అరవలేదు. దారం ఇంకో రెండంగుళాలు జరిగి, ఆగి, మెత్తబడి, మళ్లీ దారమైపోయింది. ఉమ్మేసి వెళ్లిపోయింది చేప. వెళ్లనియ్యి.

ఆవిడ దారం చుట్టింది. ఎర కొక్కేన్ని కర్ర మీది చిన్న రింగుకి తగిలించింది, ఓడెల్ చేసినట్టే, ముళ్లు లోపలి వైపుకి. నాకేసి చూడకుండా మాట్లాడింది. "ఏడాది, వర్నన్. ఏడాది పాటు నేను వాడితో మాట్లాడలేదు. రాత్రిళ్లు మంచం మీద అటు తిరిగి పడుకున్నాను, వాడుండే వైపు వీపు పెట్టి." ఎర పెట్టె మూత వేసింది. "నీతో ఏమనాలో నాకిప్పుడు తెలీదు. తెలిసినప్పుడు అంటాను. తెలియకనూ పోవచ్చు."

"సరే."

"సరే అనకు. ఏమీ అనకు."

అనలేదు.

"రేవుకి పోనియ్యి. నాకు ఇంటికెళ్లాలి. పని ఉంది." ఆ పనేంటో నాకు తెలుసు. గోడ దగ్గర.

లంగరు లాగాను. ఆవిడ వచ్చి పక్క సీటులో, నేను కూర్చునే సీటులో కూర్చుని, తన జాకెట్ గడ్డం దాకా బిగించుకుంది. నేను చక్రం ముందు కూర్చుని ఎర్ర తాడు నడుముకి తగిలించుకుని తాళం మీద చెయ్యి వేశాను.

"వర్నన్."

చూశాను. ముందుకి కాదు, నా ఛాతీకేసి చూస్తోంది.

"జిప్పు."

అందుకోబోయాను. పక్కింటివాడి వేళ్లు, జిప్పు కొస దొరకడం లేదు, దొరికితే పళ్లు పట్టుకోవడం లేదు. ఆవిడ సాయం చెయ్యలేదు. తొందరపెట్టలేదు. అరవై మంది కూర్చునేదాకా ఆగగల మనిషి, ఒక్కడికోసం ఆగింది. పట్టుకుంది చివరికి, గర్‌ర్ మని గడ్డం దాకా వచ్చింది. అప్పుడు ముందుకి తిరిగింది. తాళం తిప్పాను. చల్లటి ఇంజను ఒకసారి ఖళ్ మని ఆగింది. ఇద్దరం కదల్లేదు. మళ్లీ తిప్పాను, ఖళ్ మని ఆగింది. నడీన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారికి అంటుకుంది.